ఎండ బల్లకట్టు మీద పెళ్ళిపందిరి

మా తమ్ముడు వీరభద్రరాజు ఎవరు ఎదురుపడినా మొదట అడిగేది "భోంచేశారా అండి?" అని. బాగున్నారా అనేది ఆ తర్వాత సంగతి. చేశామంటే నమ్మడు, చేయలేదంటే వదలడు. ఈ జబ్బు వాడికి నడమంత్రంగా వచ్చింది కాదు. ఉగ్గు పెట్టి పెంచినదాన్ని నేను, నాకు తెలుసు.

వాడు రెండో క్లాసులో ఉండగా బడికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చి ఎక్కం అప్పజెప్పమన్నారట. వీడు చేతులు కట్టుకుని, "తమరు బాగా నీరసంగా ఉన్నారండి, ముందు మా ఇంటికి రండి" అన్నాడట. ఆయన నిజంగానే వచ్చాడు. మా అమ్మ చేసిన కొరమీను పులుసు తిన్నాడు. వీడు పాసయ్యాడు. ఆ రోజు నుంచీ లోకంలో ఏ కష్టానికైనా విస్తరే మందు అని వీడికి గట్టి నమ్మకం.

పెద్దయ్యాక ఇంకా ముదిరింది. ఒకసారి గేదె ఈనలేక అవస్థ పడుతుంటే పశువుల డాక్టరు వచ్చాడు. గుమ్మంలోనే వీడు పట్టుకుని ఆకు వేసి కూర్చోబెట్టాడు. డాక్టరు లేచేసరికి వంగలేకపోయాడు. గేదె వీళ్ళ కోసం ఎదురుచూసి చూసి తనపాటికి తనే ఈనేసింది. "చూశావా అక్కయ్యా, డాక్టరుగారి హస్తవాసి!" అన్నాడు వీడు. ఓట్లప్పుడైతే ఎదురుబొదురు పార్టీలవాళ్ళు ఇద్దరూ ఒకే పూట వచ్చారు. ఇద్దర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టి, ఒకాయనకి నెయ్యి వేస్తూ రెండో ఆయనకి ఆవకాయ వేశాడు. తిట్టుకోవడానికి వచ్చినవాళ్ళు నోరు ఖాళీ లేక ఊరుకున్నారు.

వాడి భార్య నీలవేణి, నా మరదలు, బంగారు పిల్ల. పాతికేళ్ళు ఆ పొయ్యి దగ్గరే నిలబడింది. ఒకరోజు నాతో అంది, "వదినగారండి, మీ తమ్ముడుగారు వీధికుక్కని కూడా గారు అంటారండి. అదీ అలవాటుపడిపోయింది. పెరుగన్నమైతే ముట్టదండి, కూర కలపాలి."

ఇంక బల్లకట్టు సంగతి. మా రేవుపాలేనికి రోడ్డుకీ మధ్య ఒక ఏరు ఉంది. పెద్ద ఏరేం కాదు. ఈ గట్టున తుమ్మితే ఆ గట్టున చిరంజీవ అంటారు. కానీ వంతెన మీంచి చుట్టూ తిరిగి రావాలంటే గోతుల రోడ్డు, తిన్న అన్నం పాలకొల్లు చేరేలోపు అరిగిపోతుంది. అందుకని తాతల నాటి నుంచీ బల్లకట్టే. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తాడు కట్టి ఉంటుంది, పెదబాబు అనే మనిషి ఆ తాడు పట్టుకు లాగేవాడు. ఆ పెదబాబు కాస్తా రొయ్యల చెరువుల కాపలాకి వెళ్ళిపోయాడు. అక్కడ కూర్చుని టీవీ చూడడమే పనిట. పోనీలే, ముసలితనంలో సుఖపడ్డాడు. మాకు మాత్రం రేవులో దిక్కులేకుండా పోయింది. ఎవరికి అవసరమైతే వాళ్ళే లాక్కుని అవతలికి పోయేవాళ్ళు, ఇవతల ఉన్నవాళ్ళు గట్టు మీద నిలబడి కేకలు వేసేవాళ్ళు.

అదిగో అప్పుడు వచ్చాడు మురళీకృష్ణ మాష్టారు. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే కుర్రాడు. రెండువేల నాలుగో సంవత్సరం, మాఘమాసం. ఎండతో తనంతట తనే నడిచే బల్లకట్టు చేస్తానని, అదంతా ప్రయోగమని, పైసా ఇవ్వక్కర్లేదని పంచాయతీలో చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. మా తమ్ముడు మాత్రం లేచి నిలబడి, "మాష్టారు పొద్దున్న ఎప్పుడనగా బయల్దేరారో, ముందు భోజనానికి లేవండి" అన్నాడు. దాంతో ప్రయోగం మా ఊళ్ళో ఖాయమైంది. మూడు నెలలు ఆ కుర్రాడు మా తమ్ముడి ఇంట్లోనే ఉన్నాడు. వచ్చినప్పుడు చీపురుపుల్లలా ఉన్నవాడు వెళ్ళేటప్పుడు చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాడు.

కానీ చేసింది మాత్రం చేశాడండి. కొత్త బల్లకట్టు, దానికి ఒక పక్క అంచున, నడుమెత్తు ఇనప చట్రం మీద నల్లటి సోలార్ పలకలు, దక్షిణానికి వాల్చి. కింద మోటారు. ఏటికి అడ్డంగా ఇనపతాడు. రెండు గట్ల మీదా పచ్చ బొత్తాం. మనం నొక్కితే అవతలున్న బల్లకట్టు పిలిచిన కోడలిలా వచ్చేస్తుంది. మనం ఎక్కి గొలుసు వేసుకుంటే తనే తీసుకెళుతుంది. డ్రైవరు లేడు, కండక్టరు లేడు. మబ్బు పడితే ఇబ్బంది లేకుండా కొంచెం బ్యాటరీలు కూడా పెట్టాడు. బలం చాలకపోతే ఎక్కడిదక్కడ ఆగి, కొట్టుకుపోకుండా తాడుని పట్టేసుకుంటుంది. మళ్ళీ ఎండ పడేదాకా ఏనుగు లాగినా వదలదు. మొదట్లో ఆడవాళ్ళు భయపడ్డారు. నేనే ముందు ఎక్కాను. మనిషి లేకుండా నడిచేదానికి నేను భయపడతానా, మనుషులతోనే ఇన్నేళ్ళు వేగినదాన్ని.

చిక్కల్లా దాని గొంతు దగ్గర వచ్చింది. ఎక్కేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడానికి ఒక పెట్టె పెట్టాడు మాష్టారు. అందులో ఏం మాట్లాడించాలో కాగితం మీద రాసుకొచ్చాడు. "ప్రయాణికులు గొలుసు దాటి నిలబడరాదు" అని. మా తమ్ముడు అది విని అదిరిపడ్డాడు.

"అదేం మాటండి మాష్టారూ! మన బల్లకట్టు ఎక్కినవాళ్ళు మన చుట్టాలు కాదా అండి? వచ్చినవాళ్ళని రాదు, లేదు, కూడదు అంటామా అండి?"

"ఇది యంత్రమండి రాజుగారూ."

"యంత్రమైతే మాత్రం మన ఊరిది కాదా అండి?"

చివరికి తనే పెట్టె ముందు కూర్చుని తన గొంతుతోనే మాట్లాడాడు. ఎక్కగానే, "ఆయ్, రండి రండి, దయచేయండి. గొలుసుకి ఇవతలగా కూర్చోండి, పడితే మాకు బాధండి." దారిలో ఆగిందంటే, "తొందరేమీ లేదండి, నిదానంగా వెళ్దురుగాని." దిగేటప్పుడు, "జాగ్రత్తగా దిగండి. మా ఇల్లు రామాలయం పక్కనే, భోంచేసి మరీ వెళ్ళండి." ఆ గొంతు ఎప్పటికీ మూగబోకూడదని పెట్టెకి టార్చిలైటు సెల్లులు విడిగా వేయించాడు. బల్లకట్టు చచ్చినా గొంతు చావదన్నమాట.

ఇంకేముంది, వారం తిరక్కుండా ప్లాస్టిక్ బిందెలు అమ్ముకునేవాడొకడు నెత్తిన గంపతో మా తమ్ముడి అరుగు ఎక్కాడు. నీలవేణి ఏం కావాలని అడిగితే, "బల్లకట్టు రమ్మందండి" అన్నాడు. ఆ తర్వాత విత్తనాల కంపెనీవాళ్ళు, చిలక జోస్యాలవాళ్ళు, దారి తప్పి ఏరు దాటిన పెళ్ళిళ్ళ పేరయ్య. ఆ పేరయ్య ఊరికే పోలేదు. నీలవేణి పనసపొట్టు కూర తిన్న కృతజ్ఞతతో మా ఇంద్రజకి సంబంధం తెచ్చాడు.

ఇంద్రజ మా తమ్ముడి కూతురు. డిగ్రీ చదివింది, మాటకి మాట చెప్పగలదు, నా పోలిక. పెళ్ళికొడుకు శ్రీకాంత్, కాకినాడ ఓడల కంపెనీలో ఉద్యోగం. వాళ్ళది భీమవరం పక్కన. తండ్రి పల్లంరాజుగారు చెరువుల మీద బాగా నిలదొక్కుకున్న మనిషి. పిల్లా పిల్లాడూ ఒకరికొకరు నచ్చారు, ఇచ్చిపుచ్చుకోవడాల గొడవే లేదు. ఒక్కటే భయం. పెళ్ళికొడుకు నాయనమ్మ సుబ్బాయమ్మగారు.

ఆవిడ పేరు చెబితే భీమవరం పరిసరాల్లో ఆడపెళ్ళివాళ్ళకి చెమటలు పడతాయి. మర్యాద ఆవిడకి ప్రాణం. పెద్దమనవడి పెళ్ళిమాటలప్పుడు వియ్యాలవారు మజ్జిగ గ్లాసు ఎడంచేత్తో అందించారని ఆ గ్లాసు కిందపెట్టి కారెక్కేసిందట. ఆ సంబంధం అక్కడితో సరి. ఎవరు కాళ్ళావేళ్ళా పడ్డా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. "మన పిల్లకి అలా జరిగితే?" అని నీలవేణి రోజూ రాత్రి ఏడ్చేది. ఇంద్రజ పైకి అనేది కాదు గానీ దానికీ బెంగగానే ఉండేది. ఆ అబ్బాయంటే ఇష్టం కలిగింది మరి.

"మర్యాదలో నాకు వంక పెట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదు" అని మా తమ్ముడు. అదీ నిజమే. అదే నా భయం కూడా.

మరుసటి ఏడాది వైశాఖంలో పగటి ముహూర్తం కుదిరింది. పెళ్ళివారి బస్సు వంతెన మీంచి చుట్టూ తిరిగి వస్తుందని అందరం అనుకున్నాం. వీడు ఒప్పుకోలేదు. "గోతుల రోడ్డు మీద సుబ్బాయమ్మగారిని ఎగరేసి ఎగరేసి తీసుకొస్తానా అక్కయ్యా? బస్సు అవతలి గట్టుకి వస్తుంది. మన బల్లకట్టు మీద పువ్వులా తీసుకొస్తాను. జిల్లాలో ఎవడి పెళ్ళివారైనా ఎండ బల్లకట్టు మీద దిగారా?" అన్నాడు. గొప్ప కూడా ఉంది లెండి లోపల.

మాష్టారు సెలవులకి తన ఊరు వెళ్ళాడు. పెళ్ళిరోజు పొద్దున్నకి వస్తానన్నాడు. ఆయన అటు వెళ్ళడం, వీడు ఇటు బల్లకట్టుకి అలంకారాలు మొదలుపెట్టడం. పెళ్ళికి ముందు రెండు రాత్రులు రేవంతా సీరియల్ సెట్టు లైట్లు వేయించాడు. రాత్రిళ్ళు ఊళ్ళో కరెంటు నిలవదు కదా, ఆ లైట్లన్నిటికీ వైర్లు బల్లకట్టు బ్యాటరీల నుంచే లాగించాడు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. వాళ్ళందరికీ ఫలహారాలు.

పెళ్ళిరోజు తెల్లారి చూద్దును కదా, బల్లకట్టు మీద పందిరి! మామూలు పందిరా? ఈ కొస నుంచి ఆ కొసకి కొబ్బరాకులు ఒత్తుగా రెండు వరసలు, కింద తెల్ల చాందినీ, చుట్టూ మామిడితోరణాలు, నాలుగు మూలలా అరటిబోదెలు. ఆ నల్ల పలకలు ఎక్కడున్నాయో కూడా కనపడ్డంలేదు. పందిరి ఆకులు వాటి మీదుగా దిగి నీళ్ళని తాకుతున్నాయి.

"వైశాఖం ఎండ అక్కయ్యా" అన్నాడు వాడు చేతులు దులుపుకుంటూ. "పెళ్ళివారి నెత్తిన చుక్క ఎండ పడితే నా పేరు మార్చు."

నేను పానకం హడావుడిలో ఉన్నాను. మా వైపు పెళ్ళివారికి ఎదురెళ్ళి పానకం ఇచ్చి తీసుకురావడం ఆచారం. ఇత్తడి బిందెలకి వాసెనలు కడుతూ బాగుందిరా అన్నాను. బాగానే ఉంది మరి, చూడ్డానికి.

నేనూ, మా తమ్ముడూ, మా మగవాళ్ళు ఓ అరడజనుమందీ బిందెలతో, ఇద్దరు సన్నాయివాళ్ళతో అవతలికి వెళ్ళాం. బరువు తక్కువ కాబట్టి ఉన్న కాస్త ఊపిరితో ఎలాగో చేరింది. కొంచెం ముక్కింది గానీ బాజాల్లో ఎవరికీ వినపడలేదు. అవతలి గట్టున బస్సు దిగారు పెళ్ళివారు. పల్లంరాజుగారు ఆజానుబాహువు, నవ్వుమొహం. పెళ్ళికొడుకు బాసికం కట్టుకుని, పట్టుబట్టల్లో అప్పుడే చెమటకి తడిసి ఉన్నాడు. అందరి వెనకా సుబ్బాయమ్మగారు. సన్నగా, నిటారుగా, కొంగు తల మీదుగా కప్పుకుని. కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి. బల్లకట్టు మధ్యలో వేసిన కేను కుర్చీలో కూర్చుని పైకి చూసింది. చాందినీ చూసింది. తోరణం చూసింది. పక్కనున్న కూజా కడిగిందా లేదా చూసింది. దేనికీ వంక పెట్టలేదు. మా తమ్ముడి గుండె అప్పుడు కుదుటపడింది.

"ఆయ్, రండి రండి, దయచేయండి" అంది పెట్టె. సుబ్బాయమ్మగారు చుట్టూ చూసి, మా తమ్ముడి పెదాలు కదలకపోవడం చూసి, "గొంతు మీదే, నోరు మాత్రం మీది కాదు" అంది. మా తమ్ముడు సిగ్గుపడిపోయాడు.

కదిలింది. సన్నాయి అందుకుంది. ఇవతలి గట్టున ఊరు ఊరంతా నిలబడి ఉంది. సరిగ్గా ఏటి నడిమధ్యకి వచ్చేసరికి మోటారు మూలిగి, కిర్రుమని ఆగిపోయింది.

"తొందరేమీ లేదండి, నిదానంగా వెళ్దురుగాని" అంది పెట్టె.

పెళ్ళివారు ముచ్చటపడి నవ్వారు. "చూశారా బావగారూ, యంత్రానికి కూడా మీ మర్యాదే వచ్చింది" అన్నారు పల్లంరాజుగారు. మా తమ్ముడు ఛాతీ ఇంత చేసుకున్నాడు. నేను పానకం పోశాను.

కాసేపటికి మళ్ళీ, "తొందరేమీ లేదండి, నిదానంగా వెళ్దురుగాని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడోసారికి సన్నాయివాడు వాయించడం ఆపి పెట్టె వంక చూశాడు.

గట్టు మీంచి పురోహితులు అవధానిగారు పంచాంగం ఊపుతూ అరిచారు. "రాజుగారూ! ముహూర్తం దగ్గరపడుతోందండీ! ఇది దాటితే మళ్ళీ శ్రావణంలోనే!"

"తొందరేమీ లేదండి" అంది పెట్టె.

"దాని నోరు మూయించరా!" అన్నాను నేను. ఎలా మూయిస్తాడు, సెల్లులు కొత్తవి.

అప్పుడే మురళీకృష్ణ మాష్టారు బస్సు దిగిన బట్టలతో, సంచీ భుజానే ఉంచుకుని గట్టు మీదకి పరిగెత్తుకొచ్చాడు. బల్లకట్టునీ, రేవులో వేలాడుతున్న లైట్లనీ ఒక్క చూపు చూసి తల పట్టుకున్నాడు.

"రాజుగారూ! ఆ పందిరి తీసేయండి! పలకల మీద ఎండ పడాలి!"

"మాష్టారూ, వచ్చారా అండి! భోజనానికి ఉండాలండోయ్!" అన్నాడు మా తమ్ముడు.

"ముందు పందిరి అండి! బ్యాటరీలో ఏమీ లేదు! రాత్రి లైట్లు ఎవరు వేశారు?"

"బాగున్నాయా అండి?"

మాష్టారు ఏడవడం ఒక్కటే తక్కువ. "సూర్యుడు కావాలండి! సూర్యుడు తప్ప ఇంకేదీ దాన్ని కదపదండి! పీకేయండి!"

అప్పటికి అర్థమైంది మా తమ్ముడికి. వాడి మొహం తెల్లబోయింది. పందిరి వంక చూశాడు. కింద కూర్చున్న పెళ్ళివారి వంక చూశాడు. సుబ్బాయమ్మగారి వంక చూశాడు. చూసి, రెండు చేతులూ జోడించి గట్టువైపు తిరిగాడు.

"మాష్టారూ, అదొక్కటీ నావల్ల కాదండి. మగపెళ్ళివారిని మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టాడు వీరభద్రరాజు అనిపించుకోలేనండి. ఇంకేదైనా చెప్పండి, ప్రాణం ఇమ్మన్నా ఇస్తాను."

"నాకు మీ ప్రాణం ఎందుకండీ! ఎండ కావాలండీ!"

పోనీ పల్లంరాజుగారైనా ఒక మాట అంటారేమో అని ఆయన వంక చూశాను. ఆయన అప్పటికే లేచి మా తమ్ముడి చెయ్యి పట్టుకున్నారు.

"బావగారూ, మీరు మాకోసం కట్టించిన పందిరండి ఇది. ఇది మీరు పీకిస్తే మా వల్లే పీకించినట్టు. రేపు భీమవరంలో నేను తలెత్తుకు తిరగలేనండి. ఉంచండి, చెయ్యి పెట్టకండి."

"ఎంత మాటండి బావగారూ! మీరలా అంటే నేను ఉండి ఎందుకండి?"

"కాదండి, మీరలా అనకూడదండి."

"మీరే అలా అనకూడదండి."

ఇలా ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని మర్యాద చేసుకుంటూ ఉంటే ముహూర్తం మాత్రం ఎవరి మర్యాదా చూడకుండా నడుస్తోంది. మా కుర్రాళ్ళు ఇనపతాడు పట్టుకు లాగారు. అది చెప్పాను కదా, వదలదు. అటుగా ఒక చేపల పడవ వెళ్తుంటే దానిలో పెళ్ళికొడుకుని పంపిద్దామా అని ఎవరో అన్నారు. "పట్టుబట్టలతో రొయ్యపొట్టు మీద కూర్చుంటాడా మా మనవడు?" అంది సుబ్బాయమ్మగారు. పెద్దగా అనలేదు. అయినా ఆ పడవవాడు తెడ్డు గట్టిగా వేసుకుని పోయాడు.

పెళ్ళికొడుకు బాసికం ఒక పక్కకి జారింది. గట్టు మీద ఇంద్రజ, పెళ్ళికూతురై ఉండి, బుట్టలో కూర్చోవలసిన పిల్ల, జనాన్ని తోసుకుని ముందుకొచ్చి నిలబడింది. అంత దూరం నుంచి కూడా దాని మొహం నాకు కనపడింది. తండ్రిని కేకేయడానికి నోరు తెరిచి, అత్తవారి ముందు అరవకూడదని మళ్ళీ మూసుకుంది. నోరున్న పిల్ల నోరు మూసుకోవడం నేను చూడలేను.

"ఒరే వీరభద్రం, పందిరి పీకరా" అన్నాను.

"నువ్వు ఊరుకో అక్కయ్యా."

"పిల్ల పెళ్ళి ఆగిపోతుందిరా!"

"మర్యాద తప్పినా ఆగిపోతుంది" అన్నాడు లోగొంతుకతో, సుబ్బాయమ్మగారి వంక ఓరగా చూస్తూ. వాడి కళ్ళల్లో నీళ్ళు. వాడు చెప్పిందీ అబద్ధం కాదు. పీకితే ఆవిడ లేచి వెనక్కి వెళ్ళిపోతే? పీకకపోతే ముహూర్తం పోతే? ఈ రెంటి మధ్యా పిల్ల గట్టు మీద ఉంది.

బిందె అడుగున మిగిలిన పానకం గ్లాసులో పోసుకుని నేను సుబ్బాయమ్మగారి దగ్గరికి వెళ్ళాను. కుడిచేత్తోనే ఇచ్చాను.

"అత్తయ్యగారండి, ఇంకొంచెం పుచ్చుకోండి."

"చాలమ్మాయ్. నోరంతా బంకబంకగా ఉంది" అందావిడ.

అరవై దాటినదాన్ని నన్ను అమ్మాయ్ అన్నది ఆవిడొక్కతే. దానికి తర్వాత బదులు చెప్పుకోవచ్చని ఊరుకున్నాను. తల తిప్పి, అవతలి గట్టుకి కూడా వినపడేలా గట్టిగా అన్నాను.

"ఒరే వీరభద్రం! సుబ్బాయమ్మగారికి ఆకలేస్తోందటరా!"

సుబ్బాయమ్మగారు చురుక్కున నా వంక చూసింది. ఆవిడ ఆ మాట అనలేదని ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. నేను కూడా కళ్ళు దించలేదు. ఆవిడ పెళ్ళికొడుకు జారిన బాసికం వంక చూసింది. గట్టు మీద నిలబడ్డ పిల్ల వంక చూసింది. చూసి, నెమ్మదిగా చెయ్యి పొట్ట మీద వేసుకుని, "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు మరి" అని నిట్టూర్చింది.

తేలు కుట్టినవాడిలా ఎగిరిపడ్డాడు మా తమ్ముడు.

"ఆకలా! నా ఏటి మీద, నా బల్లకట్టు మీద, పెళ్ళివారికి ఆకలా!"

ఇంక వాడికి ముహూర్తం లేదు, మర్యాద లేదు, బావగారు లేరు. పట్టుపంచె గోచీ బిగించి ఆ ఇనప చట్రం ఎక్కాడు. కొబ్బరాకులు పట్టుకుని పరపరా లాగి ఏట్లో పారేశాడు. చాందినీ చిరిగింది. తోరణాలు తెగిపడ్డాయి. అరటిబోదె ఒకటి సన్నాయివాడి మీద పడింది. పల్లంరాజుగారు "బావగారూ, బావగారూ" అంటూ వెనకాలే ఎక్కి, ఆపుదామని ఎక్కారో సాయం చేద్దామని ఎక్కారో గానీ, ఆయన బరువుకి మిగతా పందిరంతా ఒక్కసారే దిగిపోయింది.

భగ్గుమని ఎండ పడింది నల్ల పలకల మీద.

మోటారు గురక పెట్టింది. మూలిగింది. కదిలింది. గట్టు మీద ఈలలు.

కానీ ఎండ పలకల మీద ఒక్కటే పడుతుందా? మా తమ్ముడు చట్రం మీంచి దూకి, భుజం మీది పట్టు కండువా విప్పి, రెండు చేతులతో సాచి సుబ్బాయమ్మగారి తల మీద పట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణి చూసి మా మగవాళ్ళందరూ ఎవరి కండువాలు వాళ్ళు విప్పి పెళ్ళివారి నెత్తి మీద పట్టుకున్నారు. మా బాబాయి కొడుకు దగ్గర కండువా లేకపోతే చొక్కా విప్పి పట్టుకున్నాడు, బనియను చిరుగులతో సహా. గట్టు మీంచి మాష్టారు, "ఇటు వైపు కండువాలు కిందకండి! నీడ పలకల మీద పడుతోంది! ఉత్తరానికి జరగండి!" అని అరవడం. వీళ్ళందరూ చేతులు పైకి పెట్టుకుని ఒక పక్కకి జరగడం, బల్లకట్టు అటు ఒరగడం, ఆడవాళ్ళు కెవ్వుమనడం. ఆ వరస చూస్తే దేవుడి ఉత్సవమే. దేవుడి స్థానంలో సుబ్బాయమ్మగారు, కేను కుర్చీలో, కదలకుండా.

రేవు చేరాం. "జాగ్రత్తగా దిగండి. మా ఇల్లు రామాలయం పక్కనే, భోంచేసి మరీ వెళ్ళండి" అంది పెట్టె.

"తినకుండా ఎక్కడికి పోతాం" అంది సుబ్బాయమ్మగారు.

అవధానిగారు పెళ్ళికొడుకు రెక్క పట్టుకుని పరిగెత్తించారు. జీలకర్రా బెల్లం వేళకి పడింది. ఇంకో రెండు మంత్రాలు ఆలస్యమైతే శ్రావణమే. కన్యాదానం వేళ చూస్తే మా తమ్ముడి భుజాన కండువా లేదు. అది సుబ్బాయమ్మగారి తల మీదే ఉండిపోయింది, ఆవిడ తియ్యలేదు. వంటవాడి తుండుగుడ్డ అడిగి భుజాన వేసుకుని పిల్ల చెయ్యి అల్లుడి చేతిలో పెట్టాడు. తుండుగుడ్డకి పోపు వాసన. ఇంద్రజ తలొంచుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆపుకోలేక తలంబ్రాల బియ్యం అప్పుడే రెండు గింజలు తండ్రి మీద వేసింది.

అసలు సంగతి భోజనాల దగ్గర జరిగింది. ఆవిడకి ఆకలని వాడు నమ్మాడు కదా. సుబ్బాయమ్మగారి విస్తరి ముందు మా తమ్ముడు గరిటె పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. ఇంకెవర్నీ వడ్డించనివ్వలేదు. పూర్ణం బూరెలు ఒకదాని మీద ఒకటి. నేతి చారిక ఆకు దాటింది. కందా బచ్చలి, పనసపొట్టు, పులిహోర, మళ్ళీ బూరెలు.

"చాలండి."

"పొద్దున్నుంచీ తినలేదన్నారండి."

"అన్నాననుకోండి..."

"నా చెవులతో విన్నానండి. ఇంకొక్క బూరె. ఇది ఇంద్రజ పేరు మీద. ఇది అబ్బాయి పేరు మీద. ఇది పుట్టబోయేవాడి పేరు మీద."

మర్యాద తెలిసిన మనిషి కదా ఆవిడ, వడ్డించింది వదిలేయలేదు. ఆకులో మెతుకు మిగల్చకుండా తిని, లేవలేక, నా చెయ్యి పట్టుకుని లేచింది. లేస్తూ నా చెవిలో, "ఎంత పని చేశావే" అంది. అమ్మాయ్ అనలేదు ఈసారి. మర్నాడు కూడా ఆ గొంతులో కోపం లేదు. వెళ్ళేటప్పుడు పదిమందికీ వినపడేలా అంది, "నాకు చాందినీలు కట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. కండువా పట్టినవాడు వీరభద్రరాజు ఒక్కడే." నీలవేణి ఆ మాటకి పెళ్ళిలో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

తర్వాత మాష్టారు ఆ పలకల్ని అక్కడి నుంచి తీసి, నాలుగు స్తంభాల మీద పైకెత్తి, వాటినే పైకప్పు చేశాడు. ఇప్పుడు ఎండ దానికి, నీడ మనకి. ఆ పని ముందే చేసి ఉంటే నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు. లైట్లకి వైర్లు లాగకుండా బ్యాటరీల పెట్టెకి తాళం కూడా వేశాడు. గొంతు మాత్రం మార్చనివ్వలేదు మావాడు.

సుబ్బాయమ్మగారు ఆ తర్వాత మునిమనవడి బారసాలకీ, ఇంకో నాలుగుసార్లూ వచ్చింది. ప్రతిసారీ బల్లకట్టు మీదే. "రండి రండి, దయచేయండి" అని పెట్టె అనడమే తరువాయి, ఆవిడ రెండు చేతులూ జోడించి పెట్టె వంక వంగి, "ఈ పూట ఉపవాసం నాయనా" అని చెప్పి మరీ కూర్చునేది.